సుంకమ్మ గూట్లో సీసా

"బిడ్డకు ఏదో మింగిస్తాండాది ఆ యమ్మ."

ఎస్టీడీ బూతులో రిసీవరును రెండు చేతులా పట్టుకుని రేఖ ఆ మాట అనగానే, అద్దం అవతల కూర్చున్న బూతు ఆయన పేపరు దించి చూశాడు. రేఖ అతనికి వీపు తిప్పింది.

"ఎవరు? ఏం మింగిస్తాండాది?" బళ్లారి నుంచి ఆమె భర్త రాఘవేంద్ర గొంతు.

"సుంకమ్మ. ఏం మింగిస్తాండాదో అదే తెలీక సస్తాండా."

"ఏమే, పోయిన నెలంతా పాప అరుస్తాది, అరుస్తాది అని ఏడిస్తివి. ఇప్పుడు గమ్మునుండాదని ఏడుస్తాండావా?"

"గమ్మునుండేది వేరే, ఇది వేరే. నువ్వు చూడలేదు కాబట్టి నవ్వుతాండావు."

ఎరువుల కంపెనీలో పని చేసే రాఘవేంద్ర వారానికొకసారి ఇంటికొస్తాడు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ఆదివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి. ఆరు రోజుల్లో రెండున్నరేళ్ల బిడ్డ ఒంట్లోకి ఏమేం పోవచ్చో రేఖకు తెలుసు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినందుకు ఆమెకు వచ్చిన కష్టాల్లో అదొకటి. పక్కింటివాళ్లు 'ఏమీ కాదులే' అని వదిలేసేచోట ఆమెకు కాలేయం, మూత్రపిండాలు కనిపిస్తాయి.

అది రెండువేల రెండు ఆగస్టు. రాయదుర్గంలో వాన కోసం ఆకాశం వైపు చూడటం కూడా మానేశారు. వీధిలోకి ట్యాంకరు వస్తే బిందెల మోత, కరెంటు పోతే జనరేటర్ల మోత, కరెంటు ఉంటే జీన్స్ కుట్టే మిషన్ల మోత. ఈ మోతలన్నిటికీ మించిన మోత రేఖ కూతురు ఆశ్రిత. ఆకలేస్తే అరుపు, తిన్నాక అరుపు, నిద్రొస్తే రాలేదని అరుపు.

అలాంటి పిల్ల పది రోజుల కిందట మొదటిసారి ఆ పని చేసింది. పొద్దున కుక్కరు మూడో కూత వేసింది. కుక్కరు కూత వేస్తే దానికంటే గట్టిగా తానూ కూత పెట్టడం పాపకు అలవాటు. ఆ రోజు పెట్టలేదు. వంటింటి గడపలో చతికిలబడి కళ్లు మూసుకుంది. పెదాలు బిగించింది. గుటక వేసింది. తల కాస్త వాలింది. "ఆశ్రీ" అని పిలిస్తే పలకలేదు. రేఖ గరిటె పడేసి వచ్చి భుజం పట్టి కుదిపింది. పాప కళ్లు తెరిచి, ఇంత గొడవ ఎందుకన్నట్టు తల్లిని చూసింది.

"మింగినా," అంది.

"ఏం మింగినావమ్మా?"

"చద్ది."

"ఎవరు పెట్టినారు?"

"అవ్వ. అందరమూ మింగితిమి."

సద్ది అంటే రేఖకు తెలిసింది ఒకటే. కూలికి పోయేవాళ్లు మూటగట్టుకుపోయే రాత్రి మిగిలిన అన్నం. పాపకు తాను రాగి మాల్టు సీసాలో పోసి, ఇడ్లీలు డబ్బాలో పెట్టి పంపుతుంది. అలాంటప్పుడు సుంకమ్మ సద్ది ఎందుకు పెడుతుంది? పెట్టేముందు అందులో ఏం కలుపుతుంది?

పాపను చూసుకోవడానికి సుంకమ్మను మాట్లాడింది రేఖే. ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్తే, ఇంట్లో అత్త లక్ష్మీదేవమ్మ మోకాళ్లు పిల్ల వెనక పరిగెత్తనంటాయి. జీన్స్ యూనిట్ల సందు చివర ఒక గదిలో సుంకమ్మ పిల్లల్ని చూసుకుంటుందని ఎవరో చెప్పారు. నలభై దాటిన బక్కపల్చని మనిషి. చూపు మందగించేదాకా మిషన్ కుట్టి, కుట్టలేక మానుకుంది. టైలరింగుకు పోయే ఆడవాళ్లు ఐదుగురు తమ పిల్లల్ని ఆమె దగ్గర వదులుతారు. ఆరో పిల్ల ఆశ్రిత.

"నీళ్లు కాంచి ఇస్తావా? చేతులు సబ్బుతో కడుగుతావా?" అని మొదటిరోజు రేఖ అడిగింది.

"కడుగుతానమ్మా. నువ్వు అడక్కముందు గూడా కడుగుతాంటి," అంది సుంకమ్మ.

ఆ జవాబు రేఖకు అప్పుడు నచ్చింది. ఇప్పుడు అదే మాట తలుచుకుంటే, ఇంత నిబ్బరంగా మాట్లాడే మనిషి ఎంత అబద్ధమైనా ఆడగలదు అనిపించింది.

లక్ష్మీదేవమ్మకు వేరే అనుమానం. "కండ్లు మూయిస్తాది, గమ్మున కూసోబెడతాది. చర్చికి పోయే మనిషి. ఇంగేం కావాల? రేప్పొద్దున నీ కూతురు బొట్టు వద్దంటాది చూడు."

"అత్తా, రెండున్నరేండ్ల పిల్లకు మతమేంది?"

"ఆ వయసులో పడితేనే పోదు."

అత్త అనుమానానికి రేఖకు నవ్వొచ్చేది. కోడలి అనుమానం అత్తకు అర్థమయ్యేది కాదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిల మీద రెండు అనుమానాలు ఉడుకుతూ వచ్చాయి.

రేఖ ఒక నోటు పుస్తకం పెట్టింది. పాప అలా కూర్చున్న టైము, ఎంతసేపు, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు, అన్నీ రాసింది. నల్లమందు పడితే కంటిపాప సూదిమొనంత అవుతుందని చదువుకుంది. సాయంత్రం టార్చిలైటు వేసి కూతురి కళ్లు చూసింది. మామూలుగానే ఉన్నాయి. అయినా ధైర్యం రాలేదు. మధ్యాహ్నం పోసింది సాయంత్రానికి దిగిపోయి ఉండొచ్చు కదా! కాలేజీలో జువాలజీ చెప్పే అంజలి వేరే ఊళ్లో ఎవరో దగ్గుమందు పోసి పిల్లల్ని పడుకోబెట్టిన సంగతి చెప్పింది. చెప్పి, "ఈమె అట్లాంటిది కాదులే అక్కా," అని కూడా అంది. ఆ రెండో మాట రేఖ చెవికి ఎక్కలేదు.

బుధవారం పన్నెండింటికి చెప్పకుండా సందులోకి వెళ్లింది. రెండు వైపులా మిషన్ల రొద. జీన్స్ కట్టలు ఎక్కించుకున్న ఆటో హారన్ కొడుతూ ఇరుక్కుపోయి ఉంది. సుంకమ్మ గది తలుపు వేసి ఉంది. ఆరుగురు పిల్లలున్న గదిలోంచి చిన్న సవ్వడి కూడా రావడం లేదు.

రేఖ కిటికీ రెక్క సందులోంచి చూసింది. పిల్లలంతా చాప మీద వరసగా కూర్చుని ఉన్నారు. కళ్లు మూసుకున్నారు. ఒకడి తల గోడకు వాలిపోయింది. సుంకమ్మ మోకాళ్ల మీద జరుగుతూ ఒక్కొక్కరి ముక్కు కింద వేలు పెట్టి చూస్తోంది. ఊపిరి ఆడుతోందా లేదా అని చూసినట్టు. ఆశ్రిత ముక్కు కింద కూడా పెట్టింది. రెండోసారి మళ్లీ పెట్టింది.

రేఖ కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది. ఏమీ పోయని మనిషి ఊపిరి ఎందుకు చూస్తుంది? గోడ గూట్లో బైబిలు పక్కన గోధుమరంగు మందు సీసా ఒకటి కనిపించింది.

తలుపు కొట్టబోయింది. ఇంతలో లోపల పిల్లలంతా ఒక్కసారి కళ్లు తెరిచి ఓ అని అరిచారు. అందరికంటే గట్టిగా ఆశ్రిత గొంతు. రేఖ చెయ్యి గాలిలో ఆగింది. ఇప్పుడు గట్టిగా అడిగితే ఈమె సీసాను దాచేస్తుంది. ముందు చేతికి రుజువు దొరకాలి. తలనొప్పిగా ఉంది, పాపను తీసుకుపోతానని చెప్పి, సగం తాగిన మాల్టు సీసాతో సహా పిల్లను చంకనేసుకుని, ఆటోలో నేరుగా కాలేజీ ల్యాబుకు పోయింది.

"ఏం మేడమ్, ఈపొద్దు ప్రాక్టికల్స్ లేవు గదా?" అన్నాడు అటెండరు తిప్పయ్య.

"పాపను ఎత్తుకో తిప్పయ్యా. ఏమీ అడగొద్దు."

నల్లమందు ఉంటే ఫెర్రిక్ క్లోరైడ్ తగిలినప్పుడు ఎరుపు తిరగాలి. మార్ఫిన్ అయితే నీలం. గొట్టంలో మాల్టు పోసి, వడగట్టి, రెండు చుక్కలు వేసింది. ఎరుపూ రాలేదు, నీలమూ రాలేదు. ఆకుపచ్చ కలిసిన నలుపు వచ్చింది. అదేమిటో పుస్తకంలో లేదు. కానీ ఏదో ఉంది. ఏదో ఉందన్న ఆ ఒక్క ముక్క చాలు ఆమెకు.

మళ్లీ సందులోకి వచ్చేసరికి కరెంటు పోయి జనరేటర్లు మొదలయ్యాయి. పిల్లలు అన్నాలు తిని పడుకున్నారు. సుంకమ్మ గడపలో కూర్చుని గిన్నెలు తోముతోంది.

"ఏం పోస్తాండావు నా బిడ్డకు?" జనరేటరు మీదుగా రేఖ అరిచింది.

సుంకమ్మ చేతిలో గిన్నె ఆగింది. "నువ్వు పంపిన మాల్టే పోస్తాండా. ఏమైందమ్మా?"

"అబద్ధాలు చెప్పొద్దు. సద్దిలో కలిపి ఏదో మింగిస్తాండావు. నా కూతురే చెప్పింది. కండ్లు మూసుకోని వాలిపోతాది, పిలిస్తే పలకదు. ముక్కు కింద ఏలు పెట్టి చూస్తాంటివి, నేను చూసినా."

"సద్దా? సద్ది నాకే మిగల్లేదమ్మా, బిడ్డలకు యాడ పెట్టేది?" అంటూ సుంకమ్మ రేఖ చంకలోని పాపను చూసింది. "ఏం పాపా, మనం ఏం మింగితిమి?"

ఆశ్రిత తల్లి భుజం మీంచి తల ఎత్తి, జనరేటరు వైపు వేలు చూపించింది. "చద్దు."

సుంకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "సద్దు తల్లీ, సద్దు! సద్ది గాదు. మోతను మింగమంటా నేను. అది ఆట. 'మిషన్ సద్దు మింగినావా? మింగినా. ఆటో సద్దు? మింగినా. ట్యాంకరు సద్దు? మింగినా. కడాకు నీ నోట్లో సద్దు గూడా మింగు.' అంతే. ఇంగ ఏం మిగిల్తే దాన్ని ఇనేది."

పాప వెంటనే కళ్లు మూసుకుని గుటక వేసి చూపించింది.

రేఖ పాపను కిందికి దించింది. కానీ గొట్టంలో నలుపు ఇంకా కళ్లముందే ఉంది. "అయితే ఆ సీసా ఏంది?"

సుంకమ్మ నవ్వు అక్కడితో ఆగిపోయింది. చేతులు కడుక్కుని, చీరకు తుడుచుకుని, లోపలికి పోయి సీసా తెచ్చి రేఖ చేతిలో పెట్టింది. ఖాళీ సీసా. అడుగున ఎప్పటిదో జిగురు ఎండి బెల్లం రంగులో అంటుకుని ఉంది. కాగితం మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి.

"నువ్వు అనుమానపడింది తప్పు గాదమ్మా," అంది సుంకమ్మ. "మందు పోసిన మనిషిని నేనే. బిడ్డ మాత్రం వేరే. నీ బిడ్డకు పోయలేదు. నా బిడ్డకు పోసినా."

రేఖ గడపలోనే కూర్చుండిపోయింది.

"కణేకల్ పక్క, కాలవ నీళ్లు అందని ఊరు మాది. మూడేండ్లు వరసగా సెనక్కాయ మట్టిలోనే మాడిపాయ. నేను, మా ఆయప్ప యేసన్న, పదకొండు నెలల జోయల్‌ను ఎత్తుకోని బెంగుళూరు పోయినాం. ఆయప్ప కట్టడం పనికి, నేను గార్మెంటుకు. ఒక్క కప్పు కింద మూడొందల మిషన్లమ్మా. పక్కగదిలో ముసలామె బిడ్డను చూసుకుంటానన్నాది. ఏడిస్తే మాత్రం చూడనన్నాది. వానికి దగ్గొస్తే డాక్టరు ఈ మందు రాసిచ్చినాడు. తాగితే పండుకుంటాడని నాకు తెలిసిపాయ. దగ్గు పోయినా నేను ఇడిసిపెట్టలేదు. ఒక మూత, తరవాత రెండు మూతలు. ఆపొద్దు మూడు పోసి పనికి పోయినా. మద్దేనానికి కబురొచ్చె, బిడ్డ లేస్తల్లేడని."

జనరేటరు మోతలో కూడా రేఖకు ప్రతి మాటా వినిపించింది.

"ఆస్పత్రిలో మంచం కాడ 'యేసయ్యా, యేసయ్యా' అని నెత్తి కొట్టుకుంటాంటి. నర్సమ్మ వచ్చి కన్నడంలో గదిమింది, 'సుమ్నిరమ్మా!' అని, గమ్మునుండమని. బిడ్డ ముక్కు కింద ఏలు పెట్టుకోని కూసో, ఊపిరి ఆగితే పిలువు, నువ్వే అరుస్తాంటే నీకు ఊపిరి ఎట్ల తెలుస్తాది అనె. కిటికీ కిందే రోడ్డు. బస్సులు, హారన్లు. పక్క మంచం కాడ ఎవరో ఏడుస్తాండారు. నా ఏలికి ఏమీ తెలుస్తల్లేదు. అప్పుడు ఒక్కొక్క సద్దూ మింగితి. బస్సుది మింగినా, హారన్‌ది మింగినా, ఆ ఏడుపు మింగినా. కడాకు నా నోట్లో ఉండేదాన్ని గూడా మింగినా. అప్పుడు తగిలింది తల్లీ ఏలికి, రోంత వెచ్చగా. పొద్దు గుంకేదాంక అట్లే కూసుంటి. దేవున్ని ఒక్క మాట గూడా అడగలేదు. అడిగే తీరిక యాడిది? నా బతుకులో నేను చేసిన ప్రార్థన అదొకటే అనిపిస్తాది. అంతకు ముందు చేసిందంతా అరుపే."

"బిడ్డ?" అంది రేఖ.

"లేసినాడు. ఇప్పుడు సోమందేపల్లెలో, హైవే మీద పంచరు షాపు. నన్ను మించిన నోరు వానిది." సుంకమ్మ సీసాను తిరిగి తీసుకుంది. "ఆనాటి నుంచి ఇడవలేదు. గార్మెంటులో మిషన్ కింది దారం అయిపోతే బాబిన్ మార్చాల గదా? ఆ రోంతసేపు సద్దు మింగి కూసుంటాంటి. 'ఏం సుంకమ్మా, నిద్రనా?' అంటాండె సూపర్‌వైజరు. 'లేదు సార్, బాబిన్ మారుస్తాండా' అంటి. దినానికి ఎన్ని బాబిన్లో అన్ని ప్రార్థనలు. చర్చికి ఆదివారం పోతా. దేవుని కాడికి బాబిన్‌కొకసారి పోతా."

"మా బిడ్డకు..." అని రేఖ ఆగింది. బొట్టు గురించి అత్త అన్న మాట నోటిదాకా వచ్చింది.

"ఏ దేవుని పేరూ చెప్పలేదమ్మా. సద్దు మింగమన్నా, అంతే. మిగిలిందాన్ని ఏ పేరుతో పిలుస్తాదో అది మీ ఇష్టం, మీ ఇంట్లో దేవుండ్లు లేరా?"

"మరి ముక్కు కింద ఏలు?"

"అది నా రోగం. బిడ్డలు గమ్మునుంటే నాకు బయం."

రేఖ పాపను తీసుకుని ఇంటికి వచ్చేసింది. రేపటినుంచి పంపాలా వద్దా అన్నది ఒక్కటే ప్రశ్న. కన్నబిడ్డకే మందు పోసి పడుకోబెట్టిన మనిషి. ఆమే ఒప్పుకుంది. ఒప్పుకుంది కాబట్టి నమ్మాలా, ఒప్పుకుంది కాబట్టే నమ్మకూడదా? గురువారం, శుక్రవారం సెలవు పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. బిందెల మోత, వీధిలో ఆడవాళ్ల తగువు. పాప పొద్దుటి నుంచి అరుస్తూనే ఉంది. సుంకమ్మ కావాలి, పిల్లలు కావాలి, బయటికి పోవాలి. లక్ష్మీదేవమ్మ చెవులు మూసుకుంది. దిద్దాల్సిన పేపర్ల కట్ట రేఖ ముందు అలాగే ఉంది. రెండు రోజులుగా ఒక్కటీ దిద్దలేదు. లేచి అలమర తెరిచింది. జలుబు చేసినప్పుడు పాపకు పోసిన సిరప్ సీసా తీసింది. అది పోస్తే పిల్ల రెండు గంటలు పడుకుంటుంది. మూత తిప్పింది.

పాపకు జలుబు లేదు.

తిప్పిన మూత చేతిలోనే ఉంది. చెంచా ఎప్పుడు తీసుకుందో కూడా ఆమెకు గుర్తు లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆశ్రిత అరవడం ఆపి సీసాను చూస్తోంది. తల్లి ముఖం చూసింది. ఏమనుకుందో, నేల మీద చతికిలబడి కళ్లు మూసుకుని గుటక వేసింది. "అమ్మా, మింగు," అంది.

రేఖ మూత బిగించింది. కూతురి పక్కన నేల మీద కూర్చుంది. ట్యాంకరు మోత మింగడానికి చాలాసేపు పట్టింది. తన నోట్లోది మింగడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

శనివారం కాలేజీకి పోయింది. సొంత వంటింటి డబ్బాలోంచి పిడికెడు రాగిపిండి పట్టుకుపోయి, తానే కాచిన నీళ్లలో కలిపి, వడగట్టి, రెండు చుక్కలు ఫెర్రిక్ క్లోరైడ్ వేసింది. ఆకుపచ్చ కలిసిన నలుపు. రాగుల్లోనే ఉండే వగరు చేసే పని అది. ఏ పరీక్షకైనా ముందు, పోల్చి చూడటానికి అనుమానం లేని గొట్టం ఒకటి పక్కన పెట్టుకోవాలన్నది ఆమె పిల్లలకు చెప్పే మొదటి పాఠం. అది పెట్టకుండా రాసిన రికార్డులను ఆమె ఎర్రసిరాతో కొట్టేస్తుంది. రేఖ నోటు పుస్తకం తీసి, బుధవారం రాసిన పేజీని అడ్డంగా కొట్టేసింది.

ఆదివారం రాఘవేంద్ర వచ్చి "ఏం తేలింది?" అని అడిగాడు.

"రాగులు," అంది రేఖ.

సోమవారం పొద్దున పాపను ఎత్తుకుని సందుకు వెళ్లింది. మిషన్లు అప్పుడే మొదలవుతున్నాయి. సుంకమ్మ ఆశ్చర్యపోలేదు. అలాగని ఎదురుచూసినట్టూ లేదు. రేఖ సిరప్ సంగతి చెప్పింది. రాఘవేంద్రకు చెప్పలేదు, అత్తకు చెప్పలేదు, ఈమెకు చెప్పింది. ఆ తర్వాత, "తలుపు మాత్రం తెరిచి పెట్టు. నాకు ఇంకా అనుమానమే. ఎప్పుడైనా వచ్చి చూస్తా," అంది.

"తెరిసే పెడతా. ఆటోవాని హారన్ ఇంగా రోంత ఎక్కువ మింగాల, అంతే గదా," అంది సుంకమ్మ.

ఆశ్రిత ఇప్పుడు మూడో తరగతి. రేఖ అనుమానాలు తగ్గలేదు. బడి బస్సు ఆలస్యమైతే అనుమానం, పాప అన్నం వదిలేస్తే అనుమానం, పక్క గదిలో చప్పుడు లేకపోతే మరీ అనుమానం. అయితే గదిలోకి పోయేముందు గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. చూసేవాళ్లకు చీర సర్దుకుంటున్నట్టు ఉంటుంది. ఆ సోమవారం పాపను అందుకుంటూ సుంకమ్మ చెప్పిన మాట ప్రకారం నడుచుకోవడం అది:

"చూసేది మానొద్దు తల్లీ. నన్ను గూడా చూడు, దినామూ చూడు. అయితే ముందు నీ సద్దు నువ్వు మింగు. తరవాత బిడ్డ ముక్కు కింద ఏలు పెట్టు. నోరు తెరిసేది ఆ తరవాత."